పొగాకు మాన్పించడం వార్డు నర్సు పనేనా? అవునంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మదనపల్లె సిస్టర్ అడిగారు:

అందరికీ నమస్కారం. నేను బెంగళూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి గుండె జబ్బుల వార్డులో ఆరేళ్ళుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. మా వార్డుకు వచ్చేవారిలో తెలుగువారు చాలామంది ఉంటారు. కొందరు అనంతపురం, హిందూపురం, చిత్తూరు వైపు నుంచి వైద్యం కోసమే వచ్చినవారు. ఇంకొందరు మారతహళ్ళి, కె.ఆర్.పురం చుట్టుపక్కల మేస్త్రీలుగా, సెక్యూరిటీ గార్డులుగా, డ్రైవర్లుగా పనిచేస్తూ ఇక్కడే స్థిరపడినవారు. కన్నడం సరిగా రాని రోగికి వార్డులో తెలుగు వినబడితే ప్రాణం లేచి వస్తుంది కాబట్టి, డాక్టరుకు చెప్పని సంగతులు కూడా నాతో చెబుతారు.

మూడు నెలల క్రితం నలభై ఆరేళ్ళ ఒక మేస్త్రీ గారికి గుండెపోటు వచ్చి స్టెంటు వేశారు. ఆయన రోజుకు రెండు కట్టల బీడీలు తాగే మనిషి. రౌండ్సుకు వచ్చిన డాక్టరు గారు "ఇంకొక్క బీడీ తాగితే నా దగ్గరకు రావద్దు" అని గట్టిగా చెప్పి వెళ్ళారు, ఈయన తల ఊపారు. డిశ్చార్జి కాగితంలో మందుల పట్టిక కింద, చివరి వరుసలో, పొగ తాగరాదని ఇంగ్లీషులో అచ్చయి ఉంది. ఆ కాగితం చదివి వినిపించి, ఏ పూట ఏ మాత్ర వేసుకోవాలో చెప్పి, ఆయన భార్య చేత సంతకం పెట్టించుకున్నది నేనే. మాత్రల గురించి పావుగంట చెప్పాను. బీడీల గురించి ఆ చివరి వరుస చదవడానికి పట్టినంతసేపే చెప్పాను. పోయిన వారం ఆయన మళ్ళీ ఛాతీనొప్పితో వచ్చారు. బీడీ ఎప్పుడు మొదలుపెట్టారని అడిగితే, "ఇంటికి పోయిన నాలుగో దినమే సిస్టరమ్మా, మాత్రలు మాత్రం ఒక్క పూట తప్పలేదు" అన్నారు. ఆ మాట నన్ను వదలడం లేదు. నేను పావుగంట చెప్పిన పని ఆయన చేశారు, చెప్పని పని చేయలేదు.

అప్పటి నుంచి నాకు కొన్ని సందేహాలు ఉన్నాయి. పొగాకు మాన్పించడం నిజంగా నర్సు బాధ్యతేనా, లేక డాక్టరో కౌన్సిలరో చూసుకోవలసిన విషయంలో మనం తలదూర్చినట్టు అవుతుందా? ఒక షిఫ్టులో ఒక్కో రోగి దగ్గర నాకు దొరికేది పది నిమిషాలకు మించదు, అందులో ఏం చెబితే ఉపయోగం ఉంటుంది? భార్యాపిల్లలు పక్కన ఉన్నప్పుడు అడిగితే చాలామంది అబద్ధమే చెబుతారు. ఖైనీ నమిలేవారు "నేను పొగ తాగను" అంటారు, అది నిజమే కాబట్టి ఫారంలో "లేదు" అని రాసేసి ముందుకు పోతున్నాం. పైగా మా సిబ్బందిలోనే ఇద్దరు ముగ్గురు మధ్యాహ్నం వెనుక గేటు దగ్గర టీ కొట్టులో సిగరెట్టుతో కనిపిస్తారు. రోగుల బంధువులు అది చూస్తూనే ఉంటారు. ఈ పని చేసి చూసినవారు దయచేసి అనుభవం చెప్పగలరు.

పాత ట్యూటరు జవాబు:

అమ్మా, ముప్పై ఏళ్ళకు పైగా వార్డుల్లోనూ నర్సింగ్ కళాశాలలోనూ పనిచేసి విరమించిన దాన్ని కాబట్టి కాస్త పెద్దరికంతో చెబుతున్నాను, తప్పుగా అనుకోవద్దు. మీ మొదటి ప్రశ్నకు జవాబు మీరు రాసిన కథలోనే ఉంది. మాత్రల విషయంలో ఆయన మీ మాట విన్నారు, కనుక వినే మనిషే. నర్సులు పూనుకుంటే రోగులు పొగ మానతారా అన్న విషయం మీద వైద్య అధ్యయనాలను కలిపి పరిశీలించే కాక్రేన్ సంస్థ 2017లో వెలువరించిన సమీక్షలో, 20,000 మందికి పైగా రోగులు పాల్గొన్న 44 అధ్యయనాలను కలిపి చూస్తే, నర్సుల సహాయం అందినవారు మానే అవకాశం అందనివారికంటే సుమారు 29 శాతం ఎక్కువగా ఉంది. దీన్ని ఆర్భాటంగా చెప్పుకోనక్కరలేదు. మామూలుగా వందలో పది మంది మానే చోట పదమూడు మంది మానతారన్నమాట. కానీ ఏ ఖర్చూ లేకుండా వచ్చే ఆ ముగ్గురూ ముగ్గురు మనుషులు, వారి వెనుక మూడు కుటుంబాలు.

మన దేశం సంగతి చూస్తే, 2016–17లో జరిగిన వయోజనుల పొగాకు సర్వే ప్రకారం పదిహేనేళ్ళు దాటినవారిలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. అందులో పొగ తాగేవారు 10.7 శాతమే, నమలడం, పీల్చడం వంటి పొగలేని రూపాల్లో వాడేవారు 21.4 శాతం, కొందరికి రెండూ ఉన్నాయి. అంతకు ముందు ఏడాదిలో ఆసుపత్రికో డాక్టరు దగ్గరికో వెళ్ళిన పొగతాగేవారిలో 48.8 శాతం మందికి మానమని సలహా దొరికితే, నమిలేవారిలో 31.7 శాతం మందికే దొరికింది. అంటే ఎక్కువమందికి ఉన్న అలవాటు గురించే మనం తక్కువగా అడుగుతున్నాం. మీరు "లేదు" అని రాసి ముందుకు పోతున్నామన్నారు చూశారా, దేశమంతటా జరుగుతున్నది అదే.

కాబట్టి మొదటి పని అడిగే తీరు మార్చుకోవడం. "మీకు పొగాకు అలవాటు ఉందా?" అని అడిగితే నేరం ఒప్పుకోమన్నట్టు ఉంటుంది. బీపీ, నాడి చూసే సమయంలోనే, తిండి గురించి, నిద్ర గురించి అడిగినంత మామూలుగా, వస్తువుల పేర్లు పెట్టి అడగాలి: సిగరెట్టా, బీడీయా, చుట్టా, ఖైనీయా, గుట్కాయా, వక్కాకులో పొగాకు కాడ వేసుకుంటారా, నశ్యం పీలుస్తారా, పొగాకు పొడితో పళ్ళు తోముకుంటారా. "చివరిసారి ఎప్పుడు వాడారు?" అని అడిగితే, ఉందా లేదా అన్న తగవు లేకుండానే జవాబు వస్తుంది. భార్య ముందు చెప్పలేని మనిషిని ఆమె మందుల కౌంటరుకు వెళ్ళినప్పుడు అడగండి. ఆ వీలు డాక్టరుకు ఉండదు, మనకు రోజుకు నాలుగుసార్లు ఉంటుంది.

ఆడవారిని అడగడం మరిచిపోవద్దు. ఇది నా తప్పు నుంచి నేర్చుకున్నది. శ్రీకాకుళం వైపు నుంచి బెంగళూరులో కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ మా వార్డులో చేరింది. ఫారంలో పొగ తాగే అలవాటు గడి దగ్గర ఎవరో అడగకుండానే గీత కొట్టేశారు. మూడో రోజు నోరు శుభ్రం చేస్తుంటే అంగిలి తెల్లగా మందమెక్కి, మధ్య మధ్య ఎర్రటి చుక్కలతో కనిపించింది. ఆ ప్రాంతంలో ఆడవాళ్ళు చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారని, దానివల్ల అంగిలి పాడై కొందరికి క్యాన్సరుగా మారుతుందని నేను పుస్తకంలో చదివి పిల్లలకు పాఠం కూడా చెప్పినదాన్నే, అయినా ఎదురుగా ఉన్న మనిషిని అడగలేదు. రోగి నోరు తెరిచి చూసేది వార్డులో మనమే. గుట్కా నమిలేవారి చేత నోరు తెరిపించి, వారి వేళ్ళే మూడు నిలువుగా పడతాయో లేదో చూడమనండి. పట్టకపోతే డాక్టరుకు చెప్పండి. వక్క వల్ల బుగ్గలోపలి పొర బిగుసుకుపోవడం అలాగే బయటపడుతుంది.

ఇక పది నిమిషాల మాట. పాఠ్యపుస్తకాల్లో అయిదు మెట్లు చెబుతారు: అడగడం, మానమని స్పష్టంగా చెప్పడం, సిద్ధంగా ఉన్నారో లేదో తెలుసుకోవడం, సాయపడడం, మళ్ళీ కలిసే ఏర్పాటు చేయడం. అవన్నీ ఒక్క కూర్చోవడంలో ముగించాలని ఎవరూ చెప్పలేదు. చేరిన రోజు అడగండి, రెండో రోజు డ్రెస్సింగ్ మార్చేటప్పుడు చెప్పండి, మూడో రోజు ఆయన ఏమనుకుంటున్నారో వినండి. చెప్పేటప్పుడు ఆయన జబ్బుకు ముడిపెట్టి చెప్పండి. పొగాకు హానికరమన్న హెచ్చరిక పెట్టె మీద 85 శాతం మేర బొమ్మతో సహా అచ్చయి ఉంది, దాన్ని మనం మళ్ళీ చదవనక్కరలేదు. "ఈ స్టెంటు మూసుకుపోకుండా ఉండాలంటే మాత్ర ఎంత అవసరమో బీడీ మానడమూ అంతే అవసరం, ఒక్క ఏడాది మానితే గుండెపోటు ముప్పు పొగతాగేవారితో పోలిస్తే దాదాపు సగానికి తగ్గుతుంది" అని చెబితే అది ఆయనకోసం చెప్పిన మాట అవుతుంది.

సిబ్బంది సంగతి అడిగారు. అమెరికాలో 2003లో నర్సులే పూనుకుని పొగాకు రహిత నర్సుల ఉద్యమాన్ని మొదలుపెట్టినప్పుడు, ముందు తమలో తాగేవారికి సాయపడడం నుంచే మొదలుపెట్టారు. మీ వెనుక గేటు దగ్గరివారిని తిట్టకండి, వారినీ రోగిని అడిగినట్టే అడగండి.

నైట్ డ్యూటీ జవాబు:

పెద్దవారిని కాదనడం నా ఉద్దేశం కాదు, కానీ నేల మీద ఉన్న సంగతి కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా. నేను కూడా ఈ నగరంలోనే పనిచేస్తున్నాను. రాత్రిపూట పద్నాలుగు మంది రోగులకు ఇద్దరం ఉంటాం. ఒకరికి రక్తం ఎక్కుతుంటుంది, ఒకరు ఆక్సిజన్ పీకేసుకుంటారు, ఇంకొకరి బంధువులు బిల్లు గురించి మనతో గొడవపడతారు. ఇలాంటి చోట "పొగాకు మాన్పించడం కూడా నర్సు బాధ్యతే" అని మనమే ఒప్పుకుంటే, యాజమాన్యం రేపే ఇంకొక ఫారం అచ్చు వేయిస్తుంది. అందులో గడులు నింపుతాం, ఆసుపత్రికి నాణ్యత గుర్తింపు ఇచ్చే తనిఖీకి వచ్చినవారు చూసి సంతోషిస్తారు, రోగి మాత్రం ఎప్పటిలాగే బీడీ ముట్టిస్తాడు. బరువు తగ్గమని, ఉప్పు తగ్గించమని, పాదాలు చూసుకోమని, వ్యాయామం చేయమని చెప్పడం ఇప్పటికే మన నెత్తిన ఉంది. మనుషులను పెంచకుండా పని పెంచే ప్రతి మంచి ఆలోచనా చివరికి సంతకంగానే మిగులుతుందని నా అనుభవం. ఆ మేస్త్రీ గారి విషయంలో మీరు బాధపడడం మీ మంచితనం, అంతేగాని మీ తప్పు కాదు.

హిందూపురం డ్రైవరు జవాబు:

సిస్టర్ గారూ, నేను మీ వృత్తివాడిని కాను. హూడిలో ఉంటూ క్యాబ్ నడుపుతాను. పంతొమ్మిదేళ్ళు సిగరెట్లు, గుట్కా రెండూ వాడి, మానేసి రెండేళ్ళు దాటింది కాబట్టి మంచం మీద పడుకుని ఉన్నవాడికి ఎలా ఉంటుందో చెబుదామని రాస్తున్నాను.

నాకు కాలికి పుండు పడి మానకపోతే ఒక ఆసుపత్రిలో చేరాను. డాక్టరు గారు మా అబ్బాయి ఎదుటే నన్ను తిట్టారు. ఆయన మేలు కోరే తిట్టారని ఇప్పుడు తెలుసు, కానీ ఆ నిమిషంలో నాకు కలిగిన కోరిక బయటికి వెళ్ళి ఒక సిగరెట్టు తాగాలన్నదే. డ్రెస్సింగ్ చేసే సిస్టర్ తమిళావిడ, తెలుగు ముక్కలు ముక్కలుగా మాట్లాడేది. ఆమె మానమని చెప్పలేదు. "ఇంతకు ముందు ఎప్పుడైనా మానారా?" అని అడిగింది. మూడుసార్లు మానానని, ఒకసారి పదకొండు రోజులు ఉన్నానని చెప్పాను. పన్నెండో రోజు ఏం జరిగిందని అడిగింది. ఆ ప్రశ్న అంతకు ముందు నన్నెవరూ అడగలేదు, నన్ను నేను కూడా అడగలేదు. ఆలోచిస్తే గుర్తొచ్చింది: విమానాశ్రయం దగ్గర బండ్ల వరుసలో రెండు గంటలు నిలబడవలసి వచ్చింది, పక్క బండి అన్న ఒకటి అందించాడు, తీసుకున్నాను. ఇంట్లో నాకు ఎప్పుడూ కష్టం కాలేదు. కష్టమంతా ఆ వరుసలోనే ఉంది.

అప్పుడు ఆమె, ఆ వరుసలో రెండు గంటలు ఎలా గడపాలో ముందే అనుకుని పెట్టుకోమంది. నీళ్ళ సీసా, వేయించిన సోంపు, బండి దిగి నడవడం, కోరిక వచ్చినప్పుడు గడియారం చూసుకుని అయిదు నిమిషాలు ఆగడం. కోరిక అల లాంటిదని, లేచి దానంతటదే పడుతుందని ఆమె చెప్పింది, అది నిజమే. డిశ్చార్జి అయ్యేముందు ఒక తేదీ అనుకున్నాం. ఆ ముందు రాత్రి డాష్‌బోర్డులోవి, సీటు కిందివి అన్నీ నా చేతులతో నేనే పారేశాను. మూడో రోజు ఆమె ఫోన్ చేసింది, రెండు నిమిషాలు మాట్లాడింది. పదో రోజు మళ్ళీ చేసింది. ఆ ఫోన్ వస్తుందని తెలిసి నేను ఆగిన రోజులు ఉన్నాయి. నైట్ డ్యూటీ గారూ, మీ కష్టం నేను కళ్ళారా చూశాను, కాదనను. కానీ నాకు పనిచేసింది ఆ రెండు ఫోన్లే, మొత్తం కలిపి అయిదు నిమిషాలు ఉండదు.

మధ్యలో ఒకసారి ఊరి జాతరలో జారాను కూడా. సిగ్గుతో ఆమెకు చెప్పలేక, సిగరెట్టు పెట్టె మీద ఉన్న 1800-11-2356 నంబరుకు చేశాను. అవతలివారు తెలుగులోనే మాట్లాడారు. జారితే మొదటికి వచ్చినట్టు కాదని, ఎక్కడ జారామో తెలిసిందని అన్నారు. మరునాటి నుంచి మళ్ళీ ఆపాను.

డీఅడిక్షన్ వార్డు నర్సు జవాబు:

డ్రైవరు గారు చెప్పిన ఆ నంబరు జాతీయ పొగాకు విముక్తి సహాయవాణిది. 2016లో ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ ఛాతీ వ్యాధుల సంస్థలో మొదలైంది. 2018లో దాన్ని మరికొన్ని కేంద్రాలకు విస్తరించినప్పుడు దక్షిణాది భాషలను మన బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ చేపట్టింది, అందుకే ఆయనకు తెలుగులో జవాబు వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు నుంచి పెట్టెల మీద ఈ నంబరు అచ్చు వేయడం తప్పనిసరి అయింది. ఫోన్ చేసినవారి నంబరు తీసుకుని, మానదలచుకున్న తేదీ చుట్టూ వారే తిరిగి ఫోన్ చేస్తారు. సమయం లేదనే వార్డుకు ఇంతకంటే మేలైన ఏర్పాటు ఇంకొకటి లేదు. రోగి మీ ఎదురుగా ఉండగానే ఆయన ఫోన్ నుంచి ఆ నంబరుకు చేయించండి. చీటీ మీద రాసిస్తే ఆ చీటీ చొక్కా జేబులోనే ఉతుక్కుపోతుంది.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది వేరు. పొగాకు ఆగిపోవడం రోగి ఇష్టంతో జరిగినా జరగకపోయినా వార్డులో చేరిన మొదటి రోజే జరిగిపోతుంది, కాబట్టి దాని పర్యవసానాన్ని నర్సు ఎలాగూ చూడక తప్పదు. పొగాకులో ఉండి అలవాటు పట్టించే పదార్థం నికోటిన్. రక్తంలో అది సుమారు రెండు గంటల్లో సగానికి పడిపోతుంది. ఉదయం చేరిన మనిషి సాయంత్రానికి చిరాకుపడతాడు, అన్నం బాగాలేదంటాడు, నిద్రపట్టదు, రెండో రోజు రాత్రి "నన్ను ఇంటికి పంపించండి, సంతకం పెట్టి పోతాను" అని పట్టుబడతాడు. మనం అతన్ని మొండి రోగి అని, షిఫ్టు మారేటప్పుడు రాసే హ్యాండోవరులో రాసుకుంటాం. నిజానికి మొదటి మూడు నాలుగు రోజులు ఈ బాధ చాలా ఎక్కువగా ఉండి, రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గిపోతుంది. నైట్ డ్యూటీ గారూ, ఆక్సిజన్ పీకేసుకునే రోగిని ఒకసారి ఈ కోణం నుంచి కూడా చూడండి. అడ్మిషనులో రెండు ప్రశ్నలు అడిగి ఉంటే రాత్రి రెండు గంటల గొడవ తప్పే సందర్భాలు నేను చాలా చూశాను. అయితే ఒక జాగ్రత్త ఉంది: చేతులు వణకడం, చెమటలు, లేనివి కనిపించడం, మనిషి అయోమయంలో పడడం ఉంటే అది నికోటిన్ కాదు, మద్యం ఆగిపోవడం వల్ల కావచ్చు, అది ప్రాణాపాయం, వెంటనే డాక్టరును పిలవాలి. రెండు అలవాట్లూ కలిసి ఉండేవారు తక్కువేమీ కాదు.

పొగాకు అలవాటు ఎంత లోతుగా పట్టుకుందో తెలుసుకోవడానికి ఫాగర్‌స్ట్రామ్ పరీక్షలో ఆరు ప్రశ్నలుంటాయి, పది మార్కులకు లెక్క. అన్నీ అడిగే తీరిక లేకపోతే "నిద్ర లేచాక మొదటిది ఎంతసేపటికి ముట్టిస్తారు?" అన్న ఒక్క ప్రశ్న చాలు. అయిదు నిమిషాల్లోపు అంటే ఆ మనిషికి ఉత్త మాటలు సరిపోవు, మందు అవసరమవుతుంది, ఆ మాట డాక్టరుకు మీరే చెప్పాలి. పొగాకుకు బదులు కొద్దికొద్దిగా నికోటిన్ అందించే గమ్ము 2, 4 మిల్లీగ్రాముల్లో వస్తుంది. చర్మానికి అంటించుకునే పట్టీలూ ఉన్నాయి, నికోటిన్ లేకుండా మానడానికి సాయపడే బుప్రోపియాన్, వరెనిక్లిన్ మాత్రలూ ఉన్నాయి. గమ్ము, పట్టీల వంటి నికోటిన్ భర్తీ మందులను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే అత్యవసర మందుల జాబితాలో చేర్చింది, మన జాతీయ జాబితాలోకి 2022లో వచ్చాయి. మీది గుండె వార్డు కాబట్టి, గుండెపోటు వచ్చిన మొదటి రెండు వారాల్లో వీటి వాడకం పూర్తిగా డాక్టరు నిర్ణయం మీదే జరగాలి.

గమ్ము రాసిచ్చాక అసలు పని నర్సుదే. గుట్కా నమిలినవారు దాన్నీ అలాగే నమిలి ఊటంతా మింగేస్తారు. ఎక్కిళ్ళు, కడుపులో మంట వచ్చి, రెండో రోజుకే "ఇది నాకు పడదు" అంటారు. నెమ్మదిగా కొరికి, నాలుక మీద మిరియం ఘాటులా తగలగానే నమలడం ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి, ఘాటు తగ్గాక మళ్ళీ కొరకాలి, ఇలా అరగంట. దానికి పావుగంట ముందు నుంచి కాఫీ, టీ, పండ్లరసం తాగకూడదు, నోట్లో ఉన్నంతసేపూ తాగకూడదు. మన ఊళ్ళలో కాఫీ, సిగరెట్టు కవల పిల్లలు కాబట్టి ఈ ఒక్క సంగతి చెప్పకపోతే గమ్ము డబ్బు వృథా.

కాఫీ గురించి ఇంకొక మాట. సిగరెట్టు, బీడీ పొగలోని కొన్ని పదార్థాలు కాలేయంలో మందులను విరిచే ఎంజైములను వేగంగా పనిచేయిస్తాయి. పొగ ఆగగానే ఆ వేగం తగ్గి, కాఫీలోని కెఫీన్, ఉబ్బసం మందు థియోఫిల్లిన్, మానసిక జబ్బుల మందులు ఒలాంజపిన్, క్లోజపిన్ వంటివి రక్తంలో పెరుగుతాయి. మానిన మనిషికి గుండెదడ, నిద్రలేమి ఉంటే అన్నీ నికోటిన్ మీద తోసేయకుండా రోజుకు ఎన్ని కాఫీలు తాగుతున్నారో అడిగి సగానికి తగ్గించమనండి. ఆ మందులు వాడుతుంటే డోసు సంగతి డాక్టరుకు గుర్తుచేయండి. ఇది పొగ వల్ల జరిగేదే, నమిలే పొగాకుకు గానీ గమ్ముకు గానీ వర్తించదు.

మిగతా విషయంలో డ్రైవరు గారి అనుభవమే నిజం. ఆసుపత్రిలో మొదలుపెట్టిన సలహా డిశ్చార్జి తర్వాత కనీసం ఒక నెల కొనసాగినప్పుడే స్పష్టమైన ఫలితం ఇచ్చిందని 2012 నాటి కాక్రేన్ సమీక్ష చెప్పింది. వార్డులో ఎంత బాగా చెప్పినా ఇంటికి పంపి ఊరుకుంటే మేస్త్రీ గారి నాలుగో రోజు వచ్చి తీరుతుంది. ఫారం పెంచడం మీద నైట్ డ్యూటీ గారి భయంతో నేను ఏకీభవిస్తాను. పెంచవలసింది ఫారం కాదు, డిశ్చార్జి తర్వాత డ్రెస్సింగ్ గురించి, మాత్రల గురించి ఎలాగూ చేసే ఫోన్‌లో ఇంకొక ప్రశ్న.

మదనపల్లె సిస్టర్ మళ్ళీ రాశారు:

అందరికీ కృతజ్ఞతలు. ఈ పద్దెనిమిది రోజుల్లో నేను చేయగలిగింది కొంచెమే. మా ఇన్‌ఛార్జి సిస్టర్‌ను అడిగి, కొత్త ఫారం ఏమీ లేకుండా, హ్యాండోవరు పుస్తకంలో మందుల అలర్జీ రాసే గడి పక్కన పొగాకు పేరు, చివరిసారి వాడిన సమయం రాయడం మొదలుపెట్టాం. పేర్లు పెట్టి అడగడం మొదలుపెట్టాక మొదటి వారంలోనే, "లేదు" అని రాసి ఉన్న ఏడుగురిలో ముగ్గురు ఖైనీ వాడుతున్నట్టు తేలింది, వారిలో ఒకావిడ కూడా ఉన్నారు. ఒక పెద్దాయన మాత్రం "నా చుట్ట జోలికి రావద్దమ్మా, మిగతా ఏది చెప్పినా వింటాను" అన్నారు. సరేనని, మళ్ళీ అడుగుతానని చెప్పి వదిలేశాను. మేస్త్రీ గారు ఈసారి వెళ్ళేముందు నా ఎదుటే సహాయవాణికి ఫోన్ చేశారు. మూడో రోజు నేను చేస్తే ఎత్తలేదు, ఆరో రోజు ఎత్తారు. రెండు కట్టల నుంచి నాలుగు బీడీలకు వచ్చానన్నారు. పూర్తిగా మానలేదు కాబట్టి ఏమనాలో తోచక, ఆ నాలుగూ ఏ ఏ సమయంలో అని అడిగి రాసుకున్నాను.

నాకు ఒక సందేహం మిగిలింది. ఖైనీ వాడే ఒకాయన పెదవి కింద పెట్టుకునే నిద్రపోతారట. అటువంటివారిని "నిద్ర లేచాక ఎంతసేపటికి" అని అడగడంలో అర్థం ఉందా?

డీఅడిక్షన్ వార్డు నర్సు జవాబు:

లేదు, మీరు గమనించింది సరైన విషయం. నిద్రలో కూడా నోట్లో ఉంచుకుంటారంటే అలవాటు లోతుగా ఉందనే లెక్క. అటువంటివారిని వారానికి ఎన్ని పొట్లాలు అవుతాయి, ఊట ఉమ్ముతారా మింగుతారా, ఒంట్లో బాగాలేక మంచం పట్టినప్పుడు కూడా వాడతారా అని అడగండి. పొగలేని పొగాకుకు మార్చి రాసిన ఫాగర్‌స్ట్రామ్ పరీక్షలోనూ ఈ తరహా ప్రశ్నలే ఉంటాయి. ఇలాంటివారు రాత్రి నోరు ఖాళీగా ఉంచుకుని పడుకోవడమే మొదటి మెట్టు చేసుకోవచ్చు. మేస్త్రీ గారి నాలుగు బీడీల సమయాలు రాసుకున్నారు కదా, వచ్చే ఫోన్‌లో ఆ నాలుగింటిలో ఏది వదలడం తేలికో ఆయన్నే అడగండి, దానితో పాటు అన్నీ ఆపే తేదీ ఒకటి ఆయన నోటితోనే చెప్పించండి.